జ్వరం దిగాక వచ్చే యాంటీబాడీలు: ఫ్లూ మొదటి వారంలో బి కణాలు చేసే పనేమిటి?

ఫ్లూ జ్వరం చాలామందిలో నాలుగైదు రోజుల్లో దిగిపోతుంది. కొత్త వైరస్‌పై శరీరం సరిపడా యాంటీబాడీలు తయారుచేసుకోవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుందని సాధారణంగా చెబుతారు. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఒక అనుమానం రావాలి. జ్వరం పోయాక యాంటీబాడీలు వస్తే వాటివల్ల ఒరిగేదేమిటి? వాటిని తయారుచేసే బి కణాలు అంతవరకూ ఏం చేస్తున్నట్టు?

ఉత్తర తెలంగాణలో ఈ ప్రశ్న ఏటా రెండు కాలాల్లో ముందుకొస్తుంది. దేశంలో ఇన్‌ఫ్లుయెంజా కేసులు జనవరి నుంచి మార్చి మధ్య ఒకసారి, వానాకాలం చివర మరోసారి పెరుగుతాయి. మొదటిది వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి దిగే కాలం, రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే కాలం. రెండోది బతుకమ్మ దగ్గరపడే రోజులు. ఆ వారాల్లో వరంగల్ ఎంజీఎం దవాఖాన ఓపీకి వచ్చేవారిలో సర్ది, దగ్గు, ఒళ్లు నొప్పులవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. డెంగీకో టైఫాయిడ్‌కో చేయించినట్టు దీనికీ రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుందని అనుకునేవాళ్లు వారిలో తక్కువేమీ కాదు. ఫ్లూ విషయంలో ఆ లెక్క ఎందుకు తప్పుతుందో అర్థం కావాలంటే మొదటి వారంలో ఛాతీ లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

క్లుప్తంగా

బి కణాలు మొదటి వారంలో ఖాళీగా ఉండవు. కొన్ని రకాల బి కణాలు వైరస్ రాకముందే ఒక మోస్తరు యాంటీబాడీని రక్తంలో ఉంచుతాయి. వైరస్ వచ్చిన 48 గంటల్లోనే ఊపిరితిత్తుల దగ్గరి లింఫ్ గ్రంథుల్లోని బి కణాలు, వైరస్ సోకిన కణాలు విడుదల చేసే ఇంటర్ఫెరాన్ అనే ప్రోటీన్ సంకేతంతో మేల్కొంటాయి. తర్వాత కొన్ని కణాలు తొందరగా, నాణ్యత పట్టించుకోకుండా యాంటీబాడీని విడుదల చేసే దారి పడతాయి. మిగిలినవి వారాల తరబడి మెరుగులు దిద్దుకునే దారిలోకి వెళతాయి. మనం రిపోర్టుల్లో చూసే, టీకా గురించి మాట్లాడేటప్పుడు తలుచుకునే యాంటీబాడీ ఎక్కువగా ఈ రెండో దారిది. మొదటి వారం మాత్రం తొందర దారిదే.

వైరస్ ఎంత వేగంగా పోతుంది?

మేడారం జాతర నాలుగు రోజులు. బుధవారం సారలమ్మ గద్దెకు చేరుతుంది. గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. లెక్క సులువుగా ఉండేందుకు, హనుమకొండ నుంచి వెళ్లిన ఒక భక్తుడికి బుధవారం సాయంత్రం కిక్కిరిసిన బస్సులో వైరస్ సోకిందనుకుందాం. ఇది ఊహించుకున్న ఉదాహరణే. పెళ్లి మండపమైనా, హాస్టల్ గదైనా లెక్క మారదు.

ముక్కు, గొంతు, శ్వాసనాళాల లోపలి పొరలోని కణాల మీద సియాలిక్ ఆమ్లం అనే చక్కెర జాతి పదార్థం ఉంటుంది. వైరస్ పైన ముళ్లలా ఉండే హీమాగ్లుటినిన్ ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టుతోనే వైరస్ లోపలికి దిగుతుంది. ఎనిమిది ముక్కలుగా ఉన్న తన ఆర్‌ఎన్‌ఏకు కణం చేతే నకళ్లు తీయిస్తుంది. కొత్త వైరస్‌లు బయటపడేటప్పుడు న్యూరామినిడేజ్ అనే మరో ప్రోటీన్ ఆ చక్కెర బంధాన్ని తెంపి వాటిని వదిలిస్తుంది. ఇదంతా కొన్ని గంటల పని.

ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు కావాలనే వైరస్ సోకించి చేసిన 56 అధ్యయనాలను, మొత్తం 1,280 మంది వివరాలతో, 2008లో ఒకచోట చేర్చి విశ్లేషించారు. సోకిన సగం రోజు నుంచి ఒక రోజు లోపే ముక్కులో వైరస్ బాగా పెరిగింది. రెండో రోజుకు అత్యధిక స్థాయికి చేరింది. సగటున 4.8 రోజులు బయటపడింది. మన ఉదాహరణకు అన్వయిస్తే, మొక్కులు చెల్లించే శుక్రవారానికే ఆ భక్తుడి ముక్కులో వైరస్ ఉధృతి పతాక స్థాయిలో ఉంటుంది. అప్పటికి అతనికి ఒళ్లు కాస్త వెచ్చగా అనిపిస్తుండవచ్చు, అంతే. జ్వరంతో మంచం పట్టేది వనప్రవేశం నాటికి. మరుసటి సోమవారం, మంగళవారాలకు వైరస్ తగ్గుముఖం పడుతుంది.

ఈ వేగమే అసలు చిక్కు. తట్టు లాంటి వైరస్‌లు శరీరమంతా తిరిగి, పది రోజులకు పైగా సమయం తీసుకుని లక్షణాలు చూపిస్తాయి. అక్కడ యాంటీబాడీ వ్యవస్థకు సిద్ధమయ్యే వ్యవధి దొరుకుతుంది. ఫ్లూ ఆ వ్యవధి ఇవ్వదు.

కోడికి ఉన్న అప్పు

బి కణాల్లో ‘బి’ ఎక్కడిదో చెప్పుకోకుండా ముందుకెళ్లడం కుదరదు. కోడి తోక కింద, మలద్వారానికి పైన బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. దాన్ని తీసేసిన కోళ్లు యాంటీబాడీలు తయారుచేయలేకపోయాయని అమెరికాలో బ్రూస్ గ్లిక్, తిమోతీ చాంగ్ 1956లో ఒక కోళ్ల పరిశోధన పత్రికలో ప్రచురించారు. మాక్స్ కూపర్ 1965 నాటికి ఆ సంచిలో తయారయ్యే కణాలు వేరు, థైమస్ అనే గ్రంథిలో తయారయ్యేవి వేరని తేల్చారు. బర్సా నుంచి ‘బి’ వచ్చింది, థైమస్ నుంచి టి కణాల ‘టి’ వచ్చింది. మనుషులకు బర్సా లేదు. ఆ పని ఎముక మజ్జలో జరుగుతుంది.

ఫ్లూ పరిశోధనలో కోడి వాటా అక్కడితో ఆగదు. ఫ్లూ సోకిన కోడిగుడ్డు పిండపు ద్రవం ఎర్ర రక్తకణాలను గుత్తులుగా అతికిస్తోందని జార్జ్ హర్స్ట్ 1941లో గమనించారు. హీమాగ్లుటినిన్ అన్న పేరు ఆ గుణం నుంచి వచ్చిందే. 1957లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మాన్ ఇంటర్ఫెరాన్‌ను కనిపెట్టింది కూడా ఫ్లూ వైరస్‌తో, కోడిగుడ్డు లోపలి పొర మీదే. ఇప్పటికీ ఫ్లూ టీకాల్లో అధిక భాగం గుడ్లలోనే తయారవుతుంది. బర్డ్ ఫ్లూ వార్త రాగానే చికెన్ షాపుల వైపు భయంగా చూసే మనం ఈ అప్పును కూడా గుర్తుంచుకోవచ్చు.

ఇంటర్ఫెరాన్ ప్రస్తావన ఇక్కడ అనుకోకుండా వచ్చింది కాదు. బి కణాల తొలి స్పందనకు తాళంచెవి అదే.

వైరస్ రాకముందే ఉన్న యాంటీబాడీ

సాధారణ బి కణం తనకు సరిపోయే శత్రువు కనిపించేదాకా యాంటీబాడీని బయటికి వదలదు. తన ఉపరితలం మీద శత్రువును పట్టే ఒక గ్రాహకంగా మాత్రమే ఉంచుకుంటుంది. దీనికి మినహాయింపు బి-1 అనే ఒక వర్గం. ఎలుకల్లో ఇవి ఎక్కువగా పొట్ట, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే కుహరాల్లో ఉంటాయి. ఏ ఇన్ఫెక్షనూ లేకపోయినా ఐజీఎం రకం యాంటీబాడీ నిత్యం రక్తంలో ఉండేలా చూస్తాయి. దీన్ని సహజ యాంటీబాడీ అంటారు.

ఈ ఐజీఎం ఏ ఒక్క వైరస్ కోసమూ తయారైంది కాదు. చాలా వాటిని కాస్త కాస్త పట్టుకోగలదు, దేన్నీ గట్టిగా పట్టుకోలేదు. కానీ ఒక ఐజీఎం అణువులో ఐదు యూనిట్లు కలిసి ఉంటాయి, అంటే పది చేతులు. ఒక్కో చేతి పట్టు బలహీనమైనా, వైరస్ పైన ఒకే రకం ముళ్లు వరుసగా ఉంటాయి కాబట్టి పది చేతులూ కలిసి నిలబడతాయి. పైగా సూక్ష్మజీవులను చంపడంలో తోడ్పడే కాంప్లిమెంట్ అనే రక్తంలోని ప్రోటీన్లను వైరస్ మీదికి పిలవడంలో ఐజీఎం మిగతా రకాలకంటే ముందుంటుంది.

నికోల్ బామ్‌గార్త్ అనే రోగనిరోధక శాస్త్రవేత్త బృందం ఈ ప్రశ్న మీద ఏళ్ల తరబడి పనిచేసింది. బి-1 కణాలు గానీ, మామూలు బి కణాలు గానీ ఐజీఎం విడుదల చేయలేని ఎలుకలను ఆ బృందం పోల్చి చూసింది. రెండింటిలో ఏది లోపించినా ఫ్లూతో చనిపోయే ఎలుకల సంఖ్య పెరిగిందని 2000లో ప్రచురించింది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదు అన్న లెక్క కుదరలేదు. తర్వాతి పరిశోధనల్లో, ఇన్ఫెక్షన్ మొదలయ్యాక ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న కుహరంలోని బి-1 కణాలు దగ్గరి లింఫ్ గ్రంథుల్లోకి తరలి అక్కడ ఐజీఎం విడుదల చేస్తాయని తేలింది. వాటిని కదిలించిన సంకేతం ఇంటర్ఫెరాన్ నుంచే వచ్చింది.

మనుషుల్లో బి-1కు సరిసమానమైన కణాలు ఏవన్న దానిపై మాత్రం శాస్త్రవేత్తల మధ్య వాదన నడుస్తూనే ఉంది. సహజ ఐజీఎం మనుషుల రక్తంలో ఉందన్న విషయంలో వాదన లేదు.

నలభై ఎనిమిది గంటలు

జ్వరం వచ్చినప్పుడు మెడ దగ్గరో గజ్జల్లోనో బిళ్ల కట్టడం అందరికీ తెలుసు. ఆ బిళ్ల లింఫ్ గ్రంథే. ఊపిరితిత్తులకు సంబంధించిన గ్రంథులు ఛాతీ మధ్యలో, గుండెకు, శ్వాసనాళానికి దగ్గరగా ఉంటాయి. అవి వాచినా చేతికి తగలవు. ఫ్లూలో బి కణాల కథ చాలావరకూ అక్కడే జరుగుతుంది.

వైరస్ సోకిన శ్వాసకణాలూ, వాటి చుట్టూ ఉన్న రక్షక కణాలూ కొన్ని గంటల్లోనే ఇంటర్ఫెరాన్‌ను విడుదల చేస్తాయి. దాని మొదటి పని పక్క కణాలను హెచ్చరించి, వైరస్ నకళ్లు తీసుకోలేని స్థితికి తేవడం. ఇంతవరకూ పాత సంగతే. బామ్‌గార్త్ బృందం 2006లో చూపిన కొత్త విషయం ఏమిటంటే, అదే ఇంటర్ఫెరాన్ బి కణాలను కూడా నేరుగా తాకుతుంది. సోకిన 48 గంటల్లో ఛాతీ గ్రంథుల్లోని బి కణాల ఉపరితలం మీద సీడీ69, సీడీ86 అనే ప్రోటీన్లు బాగా పెరిగాయి. ఇవి కణం మేల్కొందనడానికి గుర్తులు. వైరస్‌ను పట్టగల కణాలు, పట్టలేని కణాలు అన్న తేడా అక్కడ కనిపించలేదు. దూరంగా ఉన్న ప్లీహంలోని బి కణాల్లో ఆ స్థాయి మార్పు లేదు. అంటే ఈ మేల్కొలుపు శరీరమంతటా మోగే సైరన్ కాదు. నిప్పంటుకున్న వాడలో మాత్రమే ఇంటింటి తలుపు తట్టినట్టు ఉంటుంది.

వైరస్‌ను పట్టలేని కణాలను కూడా లేపడం వృథా కదా అనిపించవచ్చు. ఇక్కడ లెక్క చూడాలి. ఒక కొత్త వైరస్‌కు సరిపోయే గ్రాహకం ఉన్న బి కణం వేలల్లో, లక్షల్లో ఒకటి ఉంటుంది. అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. రక్తంలో, గ్రంథుల్లో తిరుగుతూ ఉంటుంది. సీడీ69 చేసే పని ఇక్కడే పనికొస్తుంది. అది పెరిగినప్పుడు, గ్రంథి నుంచి బయటికి దారి చూపించే ఎస్1పీ1 అనే గ్రాహకం కణం ఉపరితలం నుంచి లోపలికి పోతుంది. లోపలికి వచ్చిన కణం బయటికి వెళ్లలేదు. రక్తం నుంచి కొత్త కణాలు వస్తూనే ఉంటాయి, పాతవి ఆగిపోతాయి. గ్రంథి ఉబ్బుతుంది. వెతికే కణాల గుంపు పెద్దదైన కొద్దీ, సరైన ఆ ఒక్క కణం వైరస్ ముక్కకు ఎదురుపడే అవకాశం పెరుగుతుంది. సీడీ86 చేసేది మరోటి. అది టి కణాలతో మాట కలపడానికి కావలసిన సరంజామా. ఎదురుపడ్డాక సిద్ధం కావడం కాదు, ఎదురుపడక ముందే సిద్ధంగా ఉండడం అన్నమాట.

ఇంటర్ఫెరాన్‌తో పాటు ఇంకో దారి కూడా ఉంది. ఫ్లూ జన్యుపదార్థం ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ. బి కణం తన గ్రాహకంతో వైరస్‌ను పట్టి లోపలికి లాక్కున్నప్పుడు, లోపలి సంచుల్లో ఉండే టీఎల్‌ఆర్7 అనే గ్రాహకం ఆ ఆర్‌ఎన్‌ఏను గుర్తిస్తుంది. అంటే సరైన బి కణానికి ఏకకాలంలో రెండు రుజువులు దొరుకుతాయి: ఆకారం సరిపోయింది, లోపల ఉన్నది నిజంగా వైరసే. చంపిన, ముక్కలు చేసిన వైరస్‌తో తయారయ్యే టీకాకు, నిజమైన ఇన్ఫెక్షన్‌కు మధ్య తేడా చాలావరకు ఈ మొదటి రెండు రోజుల అలారం స్థాయిలోనే ఉంది. ముక్కలు చేసి శుద్ధి చేసిన టీకాలో హీమాగ్లుటినిన్ ఉంటుంది. దాని చుట్టూ ఉండే హడావిడి తక్కువ.

మన భక్తుడి లెక్కలో ఇది శుక్రవారం రాత్రి. జ్వరం పూర్తిగా తెలియకముందే, ఛాతీలో ఈ సమీకరణ అయిపోయింది.

పచ్చిమీదే అమ్మడం, కల్లంలో ఆరబెట్టడం

మూడో రోజు నుంచి అసలు నిర్ణయం మొదలవుతుంది. వైరస్ ముక్కను పట్టిన బి కణాలు గ్రంథిలో బి, టి కణాల వాడల సరిహద్దుకు చేరతాయి. అక్కడ టి కణాల సాయం దొరుకుతుంది. ఆ తర్వాత దారి రెండుగా చీలుతుంది.

మిర్చి రైతుకు ఈ చీలిక కొత్తగా అనిపించదు. అప్పుల ఒత్తిడి ఉన్నవాడు కాయ పూర్తిగా ఆరకముందే బస్తాలు కట్టి ఎనుమాములకు తోలుతాడు. తేమ ఎక్కువుంటుంది, తాలు కాయలు కలిసి ఉంటాయి, ధర తగ్గుతుంది. కానీ డబ్బు చేతికొస్తుంది. ఓపిక పట్టగలిగినవాడు కల్లంలో ఆరబోస్తాడు, కూలీలతో తాలు ఏరిస్తాడు, రంగు తేలాక తోలుతాడు. బి కణాల్లోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి.

మొదటి దారి ఫాలికల్ (గ్రంథిలో బి కణాలు గుమిగూడే వాడ) బయటిది. బి కణం అక్కడికక్కడే వేగంగా విభజన చెంది ప్లాస్మాబ్లాస్ట్‌గా మారుతుంది. అంటే యాంటీబాడీని కక్కే కణం. చురుకైన బి కణం ఎనిమిది నుంచి పన్నెండు గంటలకోసారి రెండవుతుంది. ఆ లెక్కన మూడు రోజుల్లో ఒక కణం అరవై నాలుగు నుంచి ఐదువందల పన్నెండు దాకా అవుతుంది. పూర్తిగా మారిన ఒక్కో కణం సెకనుకు వేలల్లో యాంటీబాడీ అణువులు విడుదల చేయగలదు. ఎలుకల్లో ఈ కణాల గుంపులు ఛాతీ గ్రంథుల్లో మొదటి వారంలోనే కనిపిస్తాయి. మొదట ఐజీఎం, కొద్ది రోజుల్లోనే ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీ వస్తాయి. ఐజీఎం నుంచి ఐజీజీకి, ఐజీఏ అనే ఇంకో రకానికి మారడం, బి కణాలు మెరుగులు దిద్దుకునే జెర్మినల్ సెంటర్లలో జరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. ఆ మార్పు ఎక్కువగా అవి ఏర్పడకముందే జరిగిపోతుందని 2019లో వచ్చిన పరిశోధన చూపింది. అందుకే తొందర దారి కణాలు ఐజీజీని కూడా ఇవ్వగలుగుతున్నాయి. అయితే వాటి పట్టు మెరుగుపడదు. పుట్టుకతో వచ్చిన గ్రాహకం ఎంత బాగుంటే యాంటీబాడీ అంతే బాగుంటుంది.

రెండో దారి జెర్మినల్ సెంటర్లది. ఎలుకల్లో ఇవి స్పష్టంగా కనిపించడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. ఇక్కడ బి కణాలు విభజన చెందుతూ తమ యాంటీబాడీ జన్యువుల్లో కావాలనే చిన్న చిన్న తప్పులు చేసుకుంటాయి. చాలా తప్పులు పట్టును పాడుచేస్తాయి, కొన్ని మెరుగుపరుస్తాయి. వైరస్ ముక్కలను పట్టి చూపించే కణాల ముందు, టి కణాల ముందు పోటీ పడి, నెగ్గినవి బతుకుతాయి. మిగిలినవి చనిపోతాయి. తాలు ఏరివేత అంటే ఇదే. దీర్ఘకాలం బతికే ప్లాస్మా కణాల్లో, జ్ఞాపక కణాల్లో చాలా వరకు ఇక్కడినుంచే బయటికొస్తాయి.

ఏ కణం ఏ దారిలో పోవాలన్నది ఎవరు నిర్ణయిస్తారు? ఒక్క కారణం చెప్పడం కష్టం. మొదటినుంచీ గట్టి పట్టు ఉన్న కణాలు తొందర దారి పట్టే మొగ్గు చూపుతాయి. బలమైన అలారం సంకేతాలు కూడా అటే నెడతాయి. ఫ్లూ సోకిన ఎలుకల్లో, హీమాగ్లుటినిన్‌నే పట్టే రెండు వేర్వేరు బి కణ కుటుంబాల్లో ఒకటి ప్రధానంగా తొందర దారికి, మరొకటి జెర్మినల్ సెంటర్లకు వెళ్లిన ఉదాహరణ ఉంది. అంటే కణం పుట్టుకతో తెచ్చుకున్న గుణం కొంత, అప్పటి పరిసరాలు కొంత.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. మొదటిసారి ఫ్లూ సోకినప్పుడు ఊపిరితిత్తుల నుంచి వైరస్‌ను తుడిచిపెట్టే పని ఎక్కువగా సోకిన కణాలను చంపే టి కణాలదే. తొలి యాంటీబాడీ ఆ పనిని భర్తీ చేయదు. వైరస్ పక్క కణాలకు పాకే వేగాన్ని తగ్గిస్తుంది, రక్తంలోకి రాకుండా చూస్తుంది, కోలుకునే సమయంలో మళ్లీ తలెత్తకుండా కాపలా కాస్తుంది. తొలి బి కణ స్పందన గెలుపును తెచ్చిపెడుతుందనడం కంటే, నష్టం పరిధిని తగ్గిస్తుందనడం సరైన మాట.

వైరస్ కొట్టే ఎదురుదెబ్బ

బి కణం వైరస్‌ను పట్టుకోవడంలో ఒక ప్రమాదం దాగి ఉంది. వైరస్‌కు కావలసింది కూడా కణం మీద ఒక పట్టే కదా. హీమాగ్లుటినిన్‌ను గుర్తించే గ్రాహకం ఉన్న బి కణాలను ఫ్లూ వైరస్ అదే గ్రాహకం ద్వారా లోపలికి దూరి సోకించగలదని, ఊపిరితిత్తుల్లో ఉన్న అలాంటి కణాల యాంటీబాడీ విడుదలను ఆపి చంపగలదని 2013లో ఎలుకల్లో చూపించారు. తనను పట్టగలిగిన కాపలాదారునే ముందుగా దెబ్బతీయడం అన్నమాట. లింఫ్ గ్రంథుల్లో, వైరస్ తాకిడికి దూరంగా ఈ పని సాగడానికి ఇంకో అర్థం ఉందని దీన్నిబట్టి అనిపిస్తుంది.

ఎలుకకు మొదటిసారి, మనిషికి పదోసారి

పైన చెప్పిన రోజుల లెక్కల్లో చాలావరకు ప్రయోగశాల ఎలుకలవి. వాటికి అంతకుముందు ఫ్లూ తెలియదు. బడికి పోయే వయసు దాటిన మనిషికి మాత్రం ఫ్లూ పూర్తిగా కొత్త కాదు. ఏదో ఒక రూపంలో ఒకటి రెండుసార్లు సోకే ఉంటుంది. కాబట్టి మన భక్తుడి శరీరంలో పాత జ్ఞాపక బి కణాలు ఉంటాయి. అవి కొత్త కణాలకంటే ముందు పరుగెత్తుతాయి. టీకా తీసుకున్న పెద్దల రక్తంలో ప్లాస్మాబ్లాస్ట్‌లు ఏడో రోజు ప్రాంతంలో పతాక స్థాయికి చేరి, రెండు వారాలకల్లా దాదాపు మాయమవుతాయని 2008లో వచ్చిన పరిశోధన చూపింది. మన లెక్కలో ఏడో రోజంటే మేడారంలో జాతర తర్వాత తిరుగువారం జరిగే బుధవారం.

జ్ఞాపకం ఎంతకాలం నిలుస్తుందన్నదానికి బలమైన సాక్ష్యం కూడా అదే ఏడాది వచ్చింది. 1915లో గానీ అంతకుముందు గానీ పుట్టి, 1918 ఫ్లూ మహమ్మారిని చూసిన 32 మంది రక్తాన్ని పరిశీలించారు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత కూడా వారిలో ఆ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నాయి. కొందరి నుంచి ఆ యాంటీబాడీని తయారుచేసే బి కణాలనే వేరు చేయగలిగారు.

ఈ జ్ఞాపకం ఎప్పుడూ మేలే చేస్తుందని కాదు. కొత్త రకం వైరస్ వచ్చినప్పుడు శరీరం దానికి సరిపోయే కొత్త కణాలను వెతకడం కంటే, పాత రకానికి తయారై ఉన్న కణాలనే ముందు పిలుస్తుంది. థామస్ ఫ్రాన్సిస్ 1960లో దీనికి ‘ఆదిమ యాంటీజెన్ పాపం’ అని పేరు పెట్టారు (యాంటీజెన్ అంటే యాంటీబాడీ పట్టుకునే వైరస్ భాగం). పాతదానికీ కొత్తదానికీ పోలిక ఉంటే లాభం, లేకపోతే ఆలస్యం. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు ఈ రెండు వైపులూ కనిపించాయి. దేశంలో తొలి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోనే నిర్ధారణ అయింది. మామూలు ఫ్లూ ముసలివాళ్లను ఎక్కువగా దెబ్బతీస్తుంది. అప్పుడు మాత్రం పిల్లలకు, యువకులకు ఎక్కువగా సోకింది. చిన్నప్పుడు 1918 సంతతి వైరస్‌లను చూసిన పెద్దల్లో, దాన్ని కొంతవరకు పట్టగల జ్ఞాపక కణాలు ఉండడమే దీనికి ప్రధాన కారణంగా చెబుతారు.

చంటిపిల్లల పరిస్థితి పూర్తిగా వేరు. వారి బి కణాలకు ఫ్లూ నిజంగా మొదటి పరిచయం. కాన్పుకు ముందు మాయ ద్వారా తల్లి నుంచి వచ్చిన ఐజీజీయే తొలి నెలల్లో వారికి అండ. ఫ్లూ టీకా ఆరు నెలల లోపు పిల్లలకు ఇవ్వరు కాబట్టి గర్భిణికి ఇచ్చే టీకాకు అంత విలువ.

దవాఖానలో ఈ లెక్క ఎక్కడ పనికొస్తుంది?

ముందు పరీక్ష సంగతి. శనివారం జ్వరం వచ్చి ఆదివారం రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేయిస్తే, ఫలితం ఎలా వచ్చినా అర్థం తక్కువ. కొత్త స్పందన ఇంకా రక్తంలో కనిపించే స్థాయికి రాలేదు. ఉన్నది పాత ఇన్ఫెక్షన్ల యాంటీబాడీ కావచ్చు. యాంటీబాడీతో ఫ్లూను నిర్ధారించాలంటే మొదట ఒకసారి, రెండు మూడు వారాల తర్వాత మరోసారి రక్తం తీసి, నాలుగు రెట్లు పెరిగిందేమో చూడాలి. పరిశోధనకు అది పనికొస్తుంది, మంచం మీదున్న రోగికి కాదు. అప్పటికప్పుడు తేలాలంటే ముక్కు, గొంతు నుంచి తీసిన స్వాబ్‌పై ఆర్‌టీ-పీసీఆర్ చేయాలి. కోవిడ్ కాలంలో కాకతీయ మెడికల్ కాలేజీ ల్యాబ్‌లో జరిగిన పరీక్ష పద్ధతే ఇది. అందరికీ ఆ పరీక్ష అవసరం లేదు. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు రోగులను ఎ, బి, సి అని మూడు వర్గాలుగా చూస్తాయి. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, రక్తం పడడం, గోళ్లు నీలంగా మారడం వంటి లక్షణాలున్న సి వర్గానికి పరీక్ష, ఆసుపత్రిలో చేరిక తప్పనిసరి.

మందు విషయానికొస్తే, ఒసెల్టామివిర్ న్యూరామినిడేజ్‌ను అడ్డుకుంటుంది. కొత్త వైరస్‌లు విడిపోకుండా చూస్తుంది. లక్షణాలు మొదలైన 48 గంటల లోపు వేసుకుంటే ఫలితం బాగుంటుంది. ఎందుకో పైన వైరస్ వేగం చూస్తే తెలిసిపోతుంది. యాంటీబయాటిక్‌లకు ఈ వైరస్‌తో పనిలేదు, తర్వాత బ్యాక్టీరియా న్యుమోనియా తోడైతే తప్ప. జ్వరం త్వరగా దిగాలని వేయించుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మరీ ఆలోచించాల్సింది. ఆ మందు అలారం గొంతు నొక్కుతుంది. ఫ్లూలో వైరస్ బయటపడే రోజులను అది పెంచగలదు.

టీకా గురించి ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, ‘సూది వేయించుకున్న నాలుగో రోజే ఫ్లూ వచ్చింది’ అని. సూది ఫ్లూను తేలేదు. ఆ టీకాలో బతికిన వైరస్ ఉండదు. నాలుగో రోజుకు బి కణాలు ఇంకా సరిహద్దుల్లో టి కణాల సాయం తీసుకుంటూ ఉంటాయి. రక్షణ స్థాయికి చేరడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. జనవరి చివర్లో జరిగే జాతరకు వెళ్లాలనుకునేవారికి ఆ నెల మొదట్లోనే టీకా అందాలి. బయలుదేరే ముందురోజు వేయించుకుంటే ఆ జాతరకు దాని సాయం అందదు. వైరస్ రూపు మారుతూ ఉంటుంది కాబట్టి, టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి సూచిస్తుంది. నిరుటి టీకా ఈ ఏటికి సరిపోతుందన్న భరోసా లేదు.

ఇక మన భక్తుడి విషయం. తిరుగువారానికి అతని జ్వరం పోతుంది, దగ్గు ఇంకొన్నాళ్లు ఉంటుంది. తొందర దారి కణాల్లో చాలావరకు పనిచేసి చనిపోతాయి. ఊపిరితిత్తుల్లోనే కొన్ని జ్ఞాపక బి కణాలు స్థిరపడి, మళ్లీ అదే దారిన వైరస్ వస్తే రక్తం నుంచి సాయం వచ్చేదాకా ఆగకుండా స్పందించేలా ఉండిపోతాయని ఎలుకల్లో 2019లో గుర్తించారు. జెర్మినల్ సెంటర్లు ఎలుకల్లో నెలల తరబడి, టీకా తీసుకున్న మనుషుల గ్రంథుల్లో వారాల తరబడి కొనసాగడం చూశారు. మార్చిలో అతను మిర్చి బస్తాలతో ఎనుమాముల యార్డులో కాంటా కోసం నిలబడే నాటికి కూడా, ఛాతీలోని ఆ గ్రంథుల్లో తాలు ఏరివేత సాగుతూ ఉండవచ్చు.